చేతుల్లో సైన్ చేయడం నేర్పే ట్రైనింగ్, వెళ్లొచ్చాక

చూపూ వినికిడీ రెండూ లేనివాళ్లకి ఇంటర్‌ప్రెట్ చేయడం నేర్పుతారంటే సికింద్రాబాద్‌లో రెండు రోజుల ట్రైనింగ్‌కి వెళ్లాను. ఆరేళ్లుగా సైన్ లాంగ్వేజ్ (చేతి సైగల భాష) ఇంటర్‌ప్రెటర్‌గా పని చేస్తున్నా, మొదటి గంటలోనే నాకేమీ రాదని తేలిపోయింది. వాళ్లు మన చేతుల మీద చేతులు వేసి సైన్‌ని తడిమి చదువుతారు కాబట్టి కనుబొమ్మలెత్తి ప్రశ్న అడిగే అలవాటు ఇక్కడ చెల్లదు, అదీ చేత్తోనే చెప్పాలి. ఉంగరాలు తీయించారు, గోళ్లు కత్తిరించుకోమన్నారు. కళ్లకు గంతలు కట్టి ఇరానీ చాయ్ ఇచ్చారు, కప్పు ఎక్కడుందో పార్ట్‌నర్ చెప్పేలోపే అందులో వేలు పెట్టేశా! ఎవరు నవ్వారో, ఎవరు లేచి వెళ్లారో వీపు మీద గుర్తులతో చెప్పే పద్ధతి మాత్రం భలే నచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో డెఫ్‌బ్లైండ్‌నెస్ (చూపూ వినికిడీ రెండూ లేకపోవడం) ప్రస్తావన ఉంది, ట్రైనింగులే తక్కువ. ఇక్కడా 30 మందికి ఒక్కరే డెఫ్‌బ్లైండ్ ట్రైనర్, ఆయనతో నాకు దొరికింది ఐదు నిమిషాలు.