పస్కా వారంలో యెరూషలేము: బస, భోజనం, సెదెర్ రాత్రి

ఐగుప్తు (ఈజిప్టు) దాస్యం నుంచి తమ పూర్వీకులు విడుదల పొందినందుకు యూదులు చేసుకునే పస్కా పండుగకు యెరూషలేము వెళ్లదలచినవారు విమానం టికెట్టు కన్నా ముందు బస సంగతి చూసుకోవాలి. ఇశ్రాయేలులో 7 రోజులు జరిగే ఈ పండుగకు గదుల అద్దెలు బాగా పెరుగుతాయి. పైగా యూదుల విశ్రాంతి దినమైన శనివారానికి ముందు సాయంత్రం మాదిరిగానే, పండుగ తొలి రోజుకు ముందు సాయంత్రం కూడా నగరంలోని ట్రాములు, బెన్ గురియన్ విమానాశ్రయం నుంచి వచ్చే రైళ్లు సూర్యాస్తమయానికి ముందే ఆగిపోతాయి కాబట్టి ఒక రోజు ముందుగా చేరుకోవడం క్షేమం.

మేము మొదటి మూడు రాత్రులు మహనే యెహుదా బజారు దగ్గర దిగాము. గది విశాలమే గాని, అద్దెలో కలిపి చెప్పిన ఉదయపు ఫలహారం పండుగనాడు ఉండదని బసవారు ముందుగా చెప్పకపోవడం బాధ కలిగించింది. ఆ వారం యూదుల ఇళ్లలో పులిసిన పిండి ఉండకూడదు. సూపర్‌మార్కెట్లలో సైతం ఆ సరుకుల అరలను ప్లాస్టిక్ పట్టాలతో కప్పివేస్తారు. అన్నం మీద ఆధారపడే మనబోటివారు ఇంకో మాట అడిగి తెలుసుకోవాలి: అష్కెనాజీ యూదులు (మధ్య, తూర్పు ఐరోపా మూలాలవారు) సంప్రదాయంగా ఈ వారం బియ్యం ముట్టరు, సెఫార్దీ యూదులలో (స్పెయిన్, పోర్చుగల్ మూలాలవారిలో) చాలామంది తింటారు.

సెదెర్ అనే తొలి రాత్రి విందుకు పెద్ద హోటళ్లలో డబ్బు కట్టి కూర్చోవచ్చు. మాకు మాత్రం పక్కనే నఖ్లవోత్ పేటలోని ఒక కుటుంబం పిలుపు దొరికింది, ఈ యాత్రలో అంతకు మించిన భాగ్యం లేదు. ఇంటి పెద్ద పులియని రొట్టెను చూపి, ఆకలిగొన్న వారెవరైనా వచ్చి తినవచ్చునని అరామిక్ భాషలో పిలిచాకే ఐగుప్తు నుంచి విడుదలైన కథ మొదలైంది. ఆ కథలో దేవుడు ఐగుప్తు మీదికి పంపిన పది తెగుళ్ల పేర్లు చదువుతున్నప్పుడు ఒక్కొక్క పేరుకు అందరూ వేలు ద్రాక్షారసంలో ముంచి ఒక్కొక్క చుక్క పళ్లెంలో విడిచారు. నా పక్కనున్న చిన్నపిల్ల పళ్లెం అంచున ఆ పది ఎర్రటి చుక్కలు చాలాసేపు తడి ఆరకుండా ఉన్నాయి. శత్రువులు బాధపడి చనిపోయారు గనుక మన సంతోషపు గిన్నె నిండుగా ఉండకూడదని ఆ పిల్ల తల్లి వివరించింది. ఐగుప్తీయులు మునిగిపోతుండగా పాడబోయిన దేవదూతలను, నా చేతి సృష్టి సముద్రంలో మునుగుతుంటే పాడతారా అని దేవుడు వారించాడని యూదుల ప్రాచీన బోధల గ్రంథమైన తల్మూదులో ఉంది. పస్కాకు హెబ్రీ పేరైన పెసఖ్ అంటే దాటిపోవడమని మనం చదువుకున్నాం గాని, కనికరించడమనే అర్థాన్నీ పాత వ్యాఖ్యానాలు చెబుతాయి. ఈ పండుగలో వచ్చే శనివారం బైబిలులోని ప్రేమగీతాల పుస్తకమైన పరమగీతాన్ని దేవునికీ ఆయన ప్రజలకూ మధ్య ప్రేమగా భావించి చదవడం ఎందుకో నాకు ఆ చుక్కల దగ్గరే బోధపడింది.

తరువాతి రెండు రాత్రులు పాత నగరానికి మారాము. గది ఇరుకు, మెట్ల మీద సామాను మోయడం కష్టం; అయినా యూదుల పురాతన దేవాలయ ప్రాంగణంలో మిగిలిన పశ్చిమ గోడకు నడిచి వెళ్లగలగడం వల్ల ఆ బసనే ముందు సిఫారసు చేస్తాను. పండుగ మధ్య దినాలలో అక్కడ జరిగే యాజక ఆశీర్వచనానికి వేలమంది వస్తారు, తెల్లవారుజామునే చేరకపోతే నిలబడే చోటు దొరకదు. తలల మీదుగా శాలువాలు కప్పుకున్న యాజక వంశస్థులు, తన ప్రజలను ప్రేమతో ఆశీర్వదించమని ఆజ్ఞాపించిన దేవునికి స్తుతి చెప్పి చేతులెత్తగానే, అంత జనంలోనూ చంటిబిడ్డల ఏడుపు తప్ప మరే శబ్దమూ వినిపించలేదు.