చమోరో క్రియలు: 'హు' తో మొదలుపెట్టాలా, 'ఉమ్' తోనా?

పసిఫిక్ మహాసముద్రంలోని గువాం, ఉత్తర మరియానా దీవుల చమోరో భాష నేర్చుకునేవాళ్లకు మొదట్లోనే ఎదురయ్యే ప్రశ్న ఇది.

'హు' దారిలో క్రియ మారదు. ముందు 'హు' పెడితే నేను, 'ఉన్' పెడితే నువ్వు, 'హ' పెడితే అతను లేదా ఆమె. 'హు లిఎ ఇ పట్గొన్' అంటే నేను ఆ పిల్లవాణ్ని చూశాను. మనకు ఇంకో సుఖం: 'త' అంటే మనం, 'ఇన్' అంటే మేము. ఇంగ్లీషు వాళ్లు తడబడే ఈ తేడా మనకు ఉగ్గుపాలతోనే వచ్చేసింది. కాకపోతే చూసింది ఫలానా పిల్లవాణ్ని అయితేనే ఈ పద్ధతి. ఎవరో ఒక పిల్లవాణ్ని అయితే 'మన్' చేరి వాక్యమే మారిపోతుంది.

రెండో దారి 'వెళ్లడం' లాంటి, కర్మ అక్కర్లేని క్రియలది. ఇందులో 'ఉమ్' క్రియ మధ్యలో దూరుతుంది. 'హానావ్' అంటే వెళ్లడం. 'హుమానావ్ యో' అంటే నేను వెళ్లాను; ఇక్కడ 'నేను' అనేది చివరి 'యో'. అక్షరం రెట్టించి 'హుమాహానావ్ యో' అంటే వెళ్తున్నాను. ఈ రెట్టింపు చెవికి ఎంత బాగుంటుందో! ఒకరికీ ఇద్దరికీ 'ఉమ్', ఇద్దరు దాటితే 'మన్'. ఇక్కడే కొత్తవాళ్లకు టెన్షన్.

నా ఓటు 'హు' కే. అది నోట నానాక 'ఉమ్' పట్టుకోండి. వెంటనే నలుగురితో మాట్లాడాల్సిన పని ఉంటే మాత్రం 'ఉమ్' ముందు. వెళ్లడం, తినడం, నివసించడం అన్నీ అందులోనే.