ఫూబార్2000, మ్యూజిక్‌బీ, వీఎల్‌సీ: సొంత పాటల కలెక్షన్‌కి ఏది మేలు?

స్ట్రీమింగ్ యాప్‌లు ఎన్ని వచ్చినా పాటల్ని హార్డ్‌డిస్క్‌లో దాచుకునేవాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు, పాత సినిమా పాటలు, క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్న హరికథలు, రేడియోలో రికార్డ్ చేసుకున్న లలితగీతాలు ఇలాంటివన్నీ వాళ్ల దగ్గరే దొరుకుతాయి. వీళ్లకి ఏ ప్లేయర్ మంచిది అంటే వెంటనే రెండు జట్లయిపోతారు, ప్రతిదీ మనకి నచ్చినట్టు మార్చుకునే వీలుండాలని కొందరు, నొక్కితే పాట రావాలి ఇంకేం వద్దని కొందరు. నన్నడిగితే రెండూ కావాలి. ఇన్‌స్టాల్ చేసిన రోజే సెట్టింగ్స్ జోలికి పోకుండా పాట వినగలగాలి, ఏదైనా మార్చాలనిపించిన రోజు ఆ ఆప్షన్ ఎక్కడుందో దొరకాలి. ఈ లెక్కనే ఫూబార్2000, మ్యూజిక్‌బీ, వీఎల్‌సీ అనే ఈ మూడు కంప్యూటర్ ప్లేయర్లనీ చూస్తాను.

ఫూబార్2000 మొదట 2002లో వచ్చింది, చేసింది పీటర్ పావ్లోవ్‌స్కీ, అంతకుముందు విన్యాంప్ అనే పాత మ్యూజిక్ ప్లేయర్ తయారుచేసిన నల్‌సాఫ్ట్ కంపెనీకి పనిచేశాడు. చాలా తేలిక, పాత ల్యాప్‌టాప్‌లో కూడా టక్కున ఓపెన్ అవుతుంది. మొదటిసారి తెరిస్తే లేఔట్ ఎంచుకోమని ఒక చిన్న విండో వస్తుంది, ఏదో ఒకటి నొక్కేస్తే పాటలు వినేయొచ్చు, అక్కడిదాకా భయపడేది ఏమీ లేదు. అసలు కథ ఆ తర్వాత ఉంటుంది. మన తెలుగు పాటల ట్యాగ్‌ల (ఫైల్ లోపలే రాసి ఉండే పాట, సింగర్, సినిమా పేర్లు) సంగతి తెలిసిందే కదా, ఒక ఫైల్లో ఎస్పీ బాలు అని ఉంటుంది, ఇంకోదాంట్లో ఎస్పీబీ, మరోదాంట్లో బాలు, చిత్ర ఇద్దరూ కామా పెట్టి ఒకే పేరులా, కొన్నిట్లో అయితే సింగర్ పేరు ఉండాల్సిన చోట డౌన్‌లోడ్ చేసిన సైట్ పేరు. ఏ ప్లేయర్ అయినా వీటన్నిటినీ వేరువేరు మనుషులనుకుంటుంది. ఫూబార్‌లో వందల పాటలు ఒకేసారి సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్‌లో పేర్లు సరిచేయొచ్చు, ఇద్దరు పాడితే మధ్యలో సెమీకోలన్ పెడితే ఇద్దరిగా గుర్తుపెట్టుకుంటుంది. కానీ లిస్టులో కూడా చిత్ర విడిగా, బాలు విడిగా కనపడాలంటే ఆర్టిస్ట్ అనే ఫీల్డ్‌ని పర్సెంట్ గుర్తుల మధ్య, దాని లోపల మళ్లీ యాంగిల్ బ్రాకెట్లలో, అంటే %<artist>% అని రాయాలి. ఈ సంగతి తెలిసినవాడికి అది బంగారం, మ్యూజిక్ డైరెక్టర్, ఆ కింద సినిమా, ఆ కింద పాట అని ఎలా కావాలంటే అలా పేర్చుకోవచ్చు. తెలియనివాడికి ఆ ఆప్షన్ ఉన్నా లేనట్టే.

మ్యూజిక్‌బీ ఇక్కడే గెలుస్తుంది. ఇదీ ఫ్రీయే, విండోస్‌కి మాత్రమే. ఫోల్డర్ చూపిస్తే ఆల్బమ్ బొమ్మలతో లైబ్రరీ రెడీ, పైన కాలమ్‌లలో ఆర్టిస్ట్ బదులు కంపోజర్ కావాలంటే మెనూలోంచి ఎంచుకోవడమే, కోడ్ లాంటిదేం రాయక్కర్లేదు. ప్యానెల్స్ ఎటు కావాలంటే అటు జరుపుకోవచ్చు, రూపం మార్చుకోవడానికి స్కిన్‌లున్నాయి, ట్యాగ్‌లు తనే వెతికి నింపే ఆటో ట్యాగింగ్ ఉంది (తెలుగు పాటలకి ఇది నమ్మకండి, తప్పు ఆల్బమ్ అంటించేస్తుంది, చేత్తో చేసుకోవడమే మేలు). ప్రిఫరెన్సెస్ తెరిస్తే పేజీలు పేజీలుగా ఉంటాయి నిజమే, కానీ అవి ముట్టుకోకపోయినా రోజులు గడిచిపోతాయి.

వీఎల్‌సీ గురించి ఒక్క విషయమే చెప్తా. దాని ప్రిఫరెన్సెస్ విండోలో కింద సింపుల్, ఆల్ అని రెండు బటన్లుంటాయి, సింపుల్‌లో అందరికీ పనికొచ్చే కొన్ని పేజీలు, ఆల్ నొక్కితే పెద్ద చెట్టంత లిస్ట్ తెరుచుకుంటుంది. ఈ ఒక్క ఏర్పాటు ప్రతి ప్లేయర్‌లోనూ ఉండాలని నా గట్టి కోరిక. ఏ ఫైల్ ఇచ్చినా పాడుతుంది, సౌండ్ కూడా నూరు శాతం దాటించొచ్చు, సన్నగా రికార్డ్ అయిన పాత పాటలకి అది పెద్ద సాయం. లైబ్రరీగా మాత్రం వీకే, వేల పాటల్లో సింగర్ పేరు పట్టుకుని వెతకాలంటే విసుగొస్తుంది.

ఆప్షన్లు ఎక్కువై బరువెక్కితే ఏమవుతుందో విన్యాంప్ చూపించింది. 2002లో వచ్చిన విన్యాంప్3లో స్కిన్‌లతో ఏదైనా చేయొచ్చు కానీ బాగా స్లో, జనం రెండో వెర్షన్ వదల్లేదు, చివరికి 2003లో రెండిటినీ కలిపి విన్యాంప్5 తేవాల్సి వచ్చింది.

కాబట్టి ఎక్కువమందికి నా ఓటు మ్యూజిక్‌బీకే. ట్యాగ్‌లు సరిచేయడం అంటే ఇష్టం ఉండి, ఆదివారాలు దానిమీద కూర్చోగలిగితే ఫూబార్‌ని మించింది లేదు, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పోర్టబుల్ అని ఎంచుకోండి, మీ సెట్టింగ్స్ అన్నీ ఒకే ఫోల్డర్లో ఉంటాయి, కంప్యూటర్ మారినా ఆ ఫోల్డర్ కాపీ చేస్కుంటే చాలు. ఇంట్లో పెద్దవాళ్లకైతే వీఎల్‌సీ పెట్టి, పాటల్ని సినిమా పేరుతో ఫోల్డర్లుగా సర్దివ్వండి, అమ్మానాన్నలు ఫోల్డర్ పేరు చూసి నొక్కుకుంటారు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో అయితే మ్యూజికోలెట్ అనే ప్లేయర్ చూడండి, ఇంటర్నెట్ పర్మిషనే అడగదు, యాడ్స్ ఉండవు. ఈక్వలైజర్‌తో గంటలు గడిపేవాళ్లు మాత్రం డబ్బులు పెట్టి పవర్‌యాంప్ కొనుక్కోవచ్చు.