పెద్ద టవరా, చిన్న సెల్‌లా? ఉద్దానానికీ విజయనగరం శివార్లకూ ఒకే లెక్క కుదరదు

వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్ శక్తి వినియోగాన్ని రెండు విధాలుగా కొలవవచ్చు: ఒక జౌలు శక్తితో ఎన్ని బిట్లు చేరాయన్నది ఒకటి, ఒక చదరపు కిలోమీటరుకు సిగ్నల్ అందించడానికి ఎన్ని వాట్లు పట్టాయన్నది మరొకటి.

విజయనగరం శివారు కాలనీల్లో ఇళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, సాయంత్రాలు వీడియోల వాడకమూ ఎక్కువే. అక్కడ మొదటి కొలతే ముఖ్యం కనుక వీధి స్తంభాలపై అమర్చే చిన్న సెల్‌లే (కొద్ది దూరానికే సిగ్నల్ అందించే బుల్లి స్టేషన్లే) మేలు.

ఉద్దానం సంగతి వేరు, అక్కడ రెండో కొలతే ముఖ్యం. కవిటి, సోంపేట వైపు ఊళ్లు కొబ్బరి, జీడి తోటల మధ్య విడివిడిగా ఉంటాయి; చిన్న సెల్‌లు తరచూ వాడే 3500 మెగాహెర్ట్జ్ తరంగాలు ఆ ఆకుల గుండా 700 మెగాహెర్ట్జ్ తరంగాలకన్నా త్వరగా బలహీనపడతాయి. తోటలు లేని ఖాళీ ప్రదేశంలో సైతం, సిగ్నల్‌ను ఒక దిశలో కేంద్రీకరించే శక్తి (గెయిన్) సమానంగా ఉన్న యాంటెన్నాలతో చూస్తే, 3500 మెగాహెర్ట్జ్‌లో సిగ్నల్ నష్టం 25 రెట్లు. పైగా, వాడేవారు లేని అర్ధరాత్రి కూడా ప్రతి చిన్న సెల్ ఎంతో కొంత కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. అందుచేత ఇక్కడ 700 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే ఎత్తైన టవరుకే నా ఓటు.

అయితే ఆ టవరు ఏ తరానిదన్నదీ చూడాలి: 4జీ స్టేషను సాధారణంగా ప్రతి మిల్లీసెకనులోనూ సూచక సంకేతాలు (ఫోన్లు సిగ్నల్‌ను అంచనా వేసుకునేందుకు వాడేవి) పంపవలసి ఉండగా, 5జీలో సింక్రొనైజేషన్ సంకేతాల (ఫోన్లు స్టేషనును గుర్తించి దానితో సమయం కలుపుకునేందుకు వాడేవి) మధ్య విరామాన్ని 160 మిల్లీసెకన్ల వరకు పెంచుకోవచ్చు, ఆ విరామంలో, సిగ్నల్ బలాన్ని పెంచే యాంప్లిఫయర్‌ను నిద్రపుచ్చవచ్చు. 2018 అక్టోబరు నాటి తిత్లీ తుపాను వంటి సమయాల్లో, గ్రిడ్ కరెంటు లేనప్పుడు, బ్యాటరీ ఎన్ని గంటలు నిలుస్తుందో, డీజిల్ ఎంత కాలుతుందో నిర్ణయించేది ఈ నిద్రే.