బొగాంగ్, ఆర్మీ కట్‌వార్మ్: కొండలెక్కే రెండు చిమ్మటలు

ఒకటి ఆస్ట్రేలియాది, ఇంకోటి ఉత్తర అమెరికాది. రెండూ మైదానాల్లో పుట్టి, ఎండలు ముదరకముందే కొండలకు వలసపోతాయి. శరదృతువులో దిగివచ్చి గుడ్లు పెడతాయి. కొండ మీద గడిపే తీరు మాత్రం పూర్తిగా వేరు.

బొగాంగ్ ఒంట్లో కొవ్వు నింపుకునే బయల్దేరుతుంది. 1000 కిలోమీటర్ల దాకా ఎగిరి, ఆస్ట్రేలియన్ ఆల్ప్స్‌లోని చల్లని గుహల్లో వేసవంతా నిద్రపోతుంది. గోడ మీద చదరపు మీటరుకు సుమారు 17,000 చిమ్మటలు, ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి! ముందెన్నడూ చూడని ఆ గుహల వైపు నక్షత్రాలు, భూమి అయస్కాంత క్షేత్రం ఆధారంగా వెళ్లగలదు. నాకు ఇంతకు మించిన అద్భుతం కనిపించదు.

ఆర్మీ కట్‌వార్మ్ రాకీ పర్వతాలకు సన్నగా వచ్చి అక్కడే బలుస్తుంది. రాత్రి పూలతేనె తాగుతుంది, పగలు రాళ్ల సందుల్లో దాక్కుంటుంది. అమెరికాలోని యెల్లోస్టోన్ ప్రాంతపు గ్రిజ్లీ ఎలుగుబంట్లు ఆ రాళ్లు తిరగేసి, ఒక్కొక్కటి రోజుకు 40,000 చిమ్మటల దాకా తింటాయని అంచనా.

బొగాంగ్‌ను ఆస్ట్రేలియా ఆదివాసులు వేల ఏళ్లుగా కాల్చి తిన్నారు. దాని మీద ఆధారపడ్డ మరో జీవి మౌంటెన్ పిగ్మీ పోసమ్, అంటే కంగారూలా పిల్లల్ని సంచిలో పెంచే, ఎలుకంత చిన్న కొండ జంతువు. 2017లో మొదలైన కరువుతో చిమ్మటలు దాదాపు మాయమయ్యాయి, తల్లి పోసమ్‌ల సంచుల్లోనే పిల్లలు చనిపోయాయి. 2021లో బొగాంగ్ అంతరించే ప్రమాదమున్న జీవుల ఎర్రజాబితాలో చేరింది. ఈ రెండింటిలో నాకు టెన్షన్ దీని గురించే.