రెండు వారాల సేవాయాత్రా, సెమిస్టరంతా అక్కడే ఉండటమా: ఏది మేలు?

విదేశంలో సేవ చేయాలనుకునే కాలేజీ విద్యార్థి ముందు మామూలుగా రెండు దారులుంటాయి. ఒకటి, సెలవుల్లో రెండు వారాల యాత్ర. రెండోది, సెమిస్టరంతా అక్కడే ఉండి చదువులో భాగంగా, క్రెడిట్ల కోసం చేసే పని. సర్వీస్ లెర్నింగ్ అనేది అసలు ఈ రెండోదాన్నే. నేను దీని వైపే ఉన్నాను.

రెండు వారాల యాత్రకున్న పెద్ద బలం, అది ఎక్కువమందికి అందుతుంది. చదువు ఆగదు, పని చేసుకుంటూ చదివేవాళ్లూ వెళ్లగలరు. కానీ పద్నాలుగు రోజులూ పనికే రావు. రానూపోనూ ప్రయాణానికి రెండు మూడు రోజులు, కొత్త చోటికి ఒళ్లు అలవాటు పడటానికి ఒకటి రెండు, చివర్లో చూడదగ్గ చోట్లకు మరో రెండు. మిగిలేది వారం. ఆ వారంలో భాష రాదు, తాపీపని రాదు. అయినా గోడ కట్టిస్తారు. ఆ విమానం టికెట్ డబ్బుతో అక్కడి మేస్త్రీకే కూలి ఇచ్చి ఉంటే గోడ ఇంకా గట్టిగా లేచేది, ఆ ఇంట్లో పొయ్యీ వెలిగేది.

గోడ వంకరైతే మళ్లీ కట్టుకోవచ్చు. పిల్లల విషయం అలా కాదు. అనాథాశ్రమాలకు వెళ్లే యాత్రలను నేను ఏ రూపంలోనూ సమర్థించలేను. కంబోడియా ఆశ్రమాల్లోని పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని తేలింది. సందర్శకులు, విరాళాలు వస్తున్నకొద్దీ ఆశ్రమాలు నింపడానికి పిల్లలు కావలసివచ్చారు. ఇలా పిల్లలను ఇళ్ల నుంచి ఆశ్రమాలకు తరలించడం ఆధునిక బానిసత్వంలో ఒక రూపమేనని 2018లో ఆస్ట్రేలియా గుర్తించింది. పైగా వారానికొక కొత్త అక్కో అన్నో వచ్చి, ముద్దు చేసి వెళ్లిపోతుంటే ఆ పసిమనసు ఎన్నిసార్లని విరగాలి?

వైద్య శిబిరాలదీ ఇదే బాధ. మన దగ్గర సూది వేయడానికి అర్హత లేని విద్యార్థికి సరిహద్దు దాటగానే ఆ అర్హత రాదు. పక్కన నిలబడి చూడండి, చేయి మాత్రం వేయకండి.

సెమిస్టర్ మేలు అనడానికి నా కారణం రోజులు ఎక్కువని మాత్రమే కాదు. అమెరికా విద్యావేత్త రాబర్ట్ సిగ్మన్ 1979లో సర్వీస్ లెర్నింగ్‌కు మూడు సూత్రాలు చెప్పాడు. మొదటిదే అన్నిటికన్నా బరువైనది: ఏ సేవ కావాలో నిర్ణయించాల్సింది సేవ అందుకునేవాళ్లే. ఇది జరగాలంటే వాళ్ల మాట వినాలి, వినాలంటే భాష కాస్తయినా పట్టుబడాలి. మొదటి నెల తప్పుల్లోనే పోతుంది. ఆ తర్వాతే పనికొచ్చే చేయి తయారవుతుంది. వాలంటీర్లను విదేశాలకు పంపే అమెరికా ప్రభుత్వ సంస్థ పీస్ కోర్, సుమారు మూడు నెలల శిక్షణ ఇచ్చాకే రెండేళ్ల పనిలోకి పంపడం వెనక ఉన్న లెక్క ఇదే.

ఖర్చు మాత్రం సెమిస్టర్‌కే ఎక్కువ, వీసా చిక్కులూ ఎక్కువే. (పర్యాటక వీసా మీద స్వచ్ఛంద సేవను చాలా దేశాలు ఒప్పుకోవు. రెండు వారాలకు వెళ్లేవాళ్లూ ఇది ముందే కనుక్కోవాలి.) యూరోపియన్ యూనియన్ నడిపే యువ సేవా పథకం యూరోపియన్ సాలిడారిటీ కోర్‌లో అర్హత ఉన్నవాళ్లకు దారి కొంత సులువు: 18 నుంచి 30 ఏళ్లవాళ్లను 12 నెలల దాకా పంపుతుంది, బసా భోజనమూ అదే చూస్తుంది.

రెండు వారాల యాత్ర నిజంగా పనికొచ్చే సందర్భం ఒకటుంది. స్థానిక సంస్థ ఏళ్ల తరబడి నడుపుతున్న పనిలో, ఒక జట్టు వదిలినచోట మరో జట్టు అందుకునేలా ఉంటే, నీటి నమూనాల సేకరణో చెట్ల లెక్కింపో ఆ కొద్ది రోజుల్లోనే సాగుతుంది.

ఇంట్లోంచే చేసే మూడో దారిని చాలామంది చిన్నచూపు చూస్తారు. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల విభాగం 2000 నుంచి ఆన్‌లైన్ సేవకు అవకాశమిస్తోంది. అనువాదం, డిజైన్, డేటా పని వచ్చినవాళ్లు టికెట్ కొనకుండానే మొదలుపెట్టొచ్చు.

ఏ దారైనా సరే, డబ్బు కట్టే ముందు సంస్థను ఒక్క మాట అడగండి: నేను రాకపోతే ఈ పని ఎవరు చేస్తారు? జీతం ఇచ్చి ఊరివాళ్లనే పెట్టుకుంటాం అని చెబితే, ఆ జీతమే పంపండి.