మారతహళ్లి మెస్‌లో గోంగూర, ఒక వాదన

బెంగళూరు మారతహళ్లి వంతెన దగ్గరి ఆంధ్రా మెస్‌లో గోంగూర పచ్చడి అచ్చం మా గుంటూరు రుచే. నెయ్యి మళ్లీ అడిగినా విసుక్కోకుండా వేస్తారు. సాంబారు మాత్రం తీపి.

ఆదివారం నా ఎదుట కూర్చున్న పెద్దాయన మాజీ సైనికుడు. టీవీలో పాకిస్థాన్ సరిహద్దు వార్తలు. "కొట్టకపోతే ఎలా బాబూ?" అన్నారు. 2016లో ఉరీ సైనిక స్థావరంపై దాడి తర్వాత నియంత్రణ రేఖ దాటాం, 2019లో పుల్వామాలో 40 మంది జవాన్లు పోయాక పాకిస్థాన్‌లోని బాలాకోట్‌పై బాంబులు వేశాం, అయినా 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని చంపారు కదండీ అన్నాను. ప్రతీకారం మన కోపాన్ని చల్లారుస్తుంది, తర్వాతి దాడిని ఆపదు. నాకిది గట్టి నమ్మకం. ఆయన ఒప్పుకోలేదు, అయినా తన అప్పడం నా విస్తట్లో వేశారు.

మజ్జిగ తాగేదాకా మమ్మల్ని ఎవరూ లేవమనలేదు. ఒంటిగంటలోపు వెళ్లండి, తర్వాత గోంగూర మిగలదు.